నెమ్మది బస్సులో బావగారు

నోరు తెరిచి ఒక్క మాట అడగడానికి లైబ్రరీ మాస్టారికి నెల రోజులు పడుతుందని ఆయన కూతురు అంచనా వేసింది. ఊరికే వేసిన అంచనా కాదు. ముప్పై రెండేళ్ళు కాలేజీ లైబ్రరీలో పనిచేసిన మనిషి ఆయన. అడిగినవాళ్ళకి పుస్తకం తీసివ్వడం, మాట్లాడుకునేవాళ్ళ వంక కళ్ళజోడు మీదుగా చూడడం, ఈ రెండే ఆయన ఉద్యోగం. పిల్లలు ఆయనకి నిశ్శబ్దం మాస్టారు అని పేరు పెట్టారు. భార్య ఉన్నన్నాళ్ళూ ఇంటికి కావలసినవన్నీ ఆవిడే అడిగి తెచ్చేది. ఆవిడ పోయాక ఇంట్లో కుళాయి రాకపోతే, ఎందుకు రావడం లేదో పక్కింటివాళ్ళని అడగలేక, మాస్టారు నాలుగు నెలలపాటు వీధి చివరి పంపు నుంచి బిందెలు మోసుకున్నారు.

అలాంటి మనిషి ఇప్పుడు వియ్యంకుణ్ణి ఒక కోరిక కోరాలి.

వియ్యంకుడు బేకరీ యజమాని. నలభై ఏళ్ళుగా మూడింటికే లేచి, ఇటుకల పొయ్యి వెలిగించి, బజారుకంతటికీ బ్రెడ్డూ బన్నూ అందించిన చెయ్యి ఆయనది. ఈమధ్య భుజం పట్టేసింది. కొడుకుకి ఆఫీసు ఉద్యోగం, పిండి అంటుకుంటే చొక్కా ఏమవుతుందోనని బెంగ. అంచేత కొట్టుని సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకునేవాళ్ళకి ఇచ్చేద్దామని మాట అనుకున్నారు. పొయ్యి పగలగొట్టడానికి మేస్త్రీ ఏ రోజు రావాలో కూడా ఖాయమైంది.

ఆ పొయ్యి తనకి కావాలంటుంది మాస్టారి కూతురు. పెళ్ళై రెండేళ్ళయింది, రెండేళ్ళూ సాయంత్రాలు కొట్టు కౌంటర్లో నిలబడుతూనే ఉంది. లోపల పొయ్యి దగ్గరికి మాత్రం మామగారు రానివ్వరు. వేడి తగులుతుందమ్మా, నీకెందుకు అంటారు. అంత మెత్తగా అనేవాళ్ళతో పోట్లాడడం ఎలాగో ఆ పిల్లకి తెలియలేదు. మొగుణ్ణి అడగమంటే, నాన్నతో నేనా అని, ఫోన్లో ఏదో అర్జెంటు పని వెతుక్కున్నాడు. తిరిగి తిరిగి ఆ బరువు మాస్టారి నెత్తిన పడింది.

బేకరీ బావగారు జన్మలో సెలవు తీసుకున్న మనిషి కారు. పొయ్యి ఆర్పేసిన రెండో రోజుకే ఇంట్లో గిన్నెలన్నీ సర్దిన చోటు నుంచి తీసి వేరే చోట సర్దారు. ఈయన్ని ఎక్కడికైనా పంపండర్రా, నా మోకాళ్ళతో నేను వెళ్ళలేను అని ఆయన భార్య మొత్తుకుంది. అదను చూసి అమ్మాయి చక్రం తిప్పింది. మామయ్యగారికి తోడుగా మా నాన్న వెళతాడంది. కొబ్బరిచెట్లూ సముద్రమూ కోరి లోకమంతా సంచీలు తగిలించుకుని వెళ్ళే ఒక దేశానికి ఇద్దరికీ టికెట్లు తీసింది. ఆ దేశంలో తిరగడానికి మాత్రం విమానం టికెట్టు తీయలేదు, వేగంగా వెళ్ళే రైలుకీ తీయలేదు. ఉన్నవాటిలో అన్నిటికన్నా మెల్లగా వెళ్ళే బస్సులు, పడవలు, ఫ్యాను గదులు ఏరి ఏరి కాగితం మీద రాసిచ్చింది.

"వేరేవాటిలో అయితే గంటలో దించేస్తారు నాన్నా. ఇందులో పదమూడు గంటలు పడుతుంది. పదమూడు గంటల్లో నీకు ఒక్క మాట దొరకదా?"

దొరకలేదు.

వియ్యంకులిద్దరూ కలిసి ఎక్కడికైనా వెళితే ఏమవుతుందో చూసినవాళ్ళకి తెలుసు. గుమ్మం దగ్గరే అరగంట అవుతుంది. మీరు ముందంటే మీరు ముందు. పెళ్ళివారి విడిదిలో మొదలైన ఆ మర్యాద వీళ్ళిద్దరితోపాటు సముద్రం కూడా దాటింది. బస్సెక్కగానే మాస్టారు కిటికీ పక్క సీటు బావగారికి ఇచ్చేవారు. గదిలో రెండంతస్తుల మంచాలుంటే కింది మంచం మీద బావగారు దుప్పటి పరిచి, మాస్టారిని చెయ్యిపట్టుకుని కూర్చోబెట్టేవారు. ఆయన నిచ్చెన ఎక్కుతూంటే మంచమంతా మూలిగేది. ఆ మూలుగు వింటూ మాస్టారు ఊపిరి బిగపట్టి పడుకునేవారు. బొప్పాయి పండు కోస్తే చివరి ముక్క ఎవరూ తినక, ఈగలకి దక్కేది.

అయితే ఆ దేశం మంచిదే. గదులిచ్చే ముసలమ్మలు తువ్వాళ్ళు ఎండలో వేసి, వెచ్చగా ఉండగానే తెచ్చిచ్చేవారు. బస్సులో పక్కసీటువాళ్ళు మాట రాకపోయినా మోకాళ్ళు ముడుచుకుని జాగా ఇచ్చేవారు. ఒక పడవలో ఎవరో పెద్దావిడ మాస్టారి తలకి ఎండ తగులుతోందని తన గొడుగు సగం ఇటు వంచి, గంటన్నర అలాగే పట్టుకుంది. కిందికి దిగేటప్పుడు ఆయన దణ్ణం పెడితే, ఇదో పెద్ద విషయమా అన్నట్టు గొడుగు దులుపుకుని వెళ్ళిపోయింది. ఇలాంటివి మాస్టారు ఒక్కొక్కటీ పోగుచేసుకునేవారు. భార్య ఉంటే రాత్రికి చెప్పేవారు. ఇప్పుడు తనకి తనే చెప్పుకుంటున్నారు.

అడగాలని ఆయన ప్రయత్నించని రోజు లేదు. మొదటి పెద్ద బస్సులో మూడో గంటకి ధైర్యం కూడగట్టుకుని, గొంతు సవరించి, "బావగారూ, ఒక్క విషయం..." అన్నారు. బావగారు ఆయన మొహంలోకి చూశారు. బిడియం, ఇబ్బంది, నుదుటి మీద చెమట. సంగతి అర్థమైపోయినట్టు, చటుక్కున లేచి డ్రైవరు దగ్గరికి వెళ్ళి చిటికెన వేలు చూపించారు. ఆ దేశంలో చిటికెన వేలుకి ఏ అర్థమూ లేదు. బావగారు వెనక్కి తగ్గే మనిషి కారు. మిగతాదంతా అభినయించి చూపించారు. బస్సు ఆగింది. నలభై మంది కిటికీల్లోంచి మర్యాదగా మొహాలు తిప్పుకున్నారు. అవసరం లేకపోయినా మాస్టారు దిగి, ఒక పొద వెనక నిలబడి, మనసులో వంద లెక్కపెట్టుకుని తిరిగొచ్చారు.

తర్వాతి వారం ఇంకో బస్సులోనూ అంతే. బావగారు గొంతు సవరింపు వినడం, చెయ్యెత్తడం, బస్సు ఆగడం. ఒకే బస్సులో మూడోసారి జరిగేసరికి, డ్రైవరు అద్దంలో మాస్టారిని చూస్తూ, ఆయన దగ్గినా బండి పక్కకి తీయడం మొదలుపెట్టాడు. ఫోన్లో కూతురు ఏమైంది నాన్నా అని అడిగితే, ప్రయాణం బాగా జరుగుతోందమ్మా అని చెప్పేవారు. ఎన్ని రోజులున్నాయో తెలుసా అనేది. తెలుసు. మేస్త్రీ వచ్చే రోజు వీళ్ళు ఇంటికి చేరిన మర్నాడే.

ఇరవై నాలుగో రోజు పొద్దున్న అసలు పొరపాటు జరిగింది. ఆ రోజు సముద్రపు ఒడ్డు ఊరు నుంచి విమానాశ్రయం ఉన్న పెద్ద ఊరి వైపు బయలుదేరాలి. బస్‌స్టాండులో బావగారు నీళ్ళ సీసాలు నింపుకుని వచ్చేసరికి, మాస్టారు ఒక పాత పచ్చ బస్సు ముందు నిలబడి, దాని బోర్డు వైపే తదేకంగా చూస్తున్నారు. ఆ లిపి ఆయనకి రాదు. రాని లిపి అయినా సరే, అక్షరం కనిపిస్తే చదవకుండా కదలలేరు. అందులో ఒక అక్షరం వెనక్కి తిరిగి కూర్చున్న పిల్లిలా ఉందనీ, అదే పిల్లి ఆ బోర్డు మీద నాలుగు చోట్ల కూర్చుందనీ గమనించి సంతోషిస్తున్నారు. బావగారు ఆయన్నీ బోర్డునీ మార్చి మార్చి చూసి, ఏమీ అనకుండా బస్సెక్కారు. బావగారు ఎక్కారు కదా, అదే బస్సు అయ్యుంటుందని మాస్టారూ ఎక్కారు.

రెండు గంటల తర్వాత సముద్రం కనిపించడం మానేసింది. నాలుగో గంటకి చెవులు దిబ్బడేశాయి. ఆరో గంటకి జనం సంచుల్లోంచి స్వెటర్లు తీశారు. బావగారు ఎటు తీసుకెళుతున్నారో అడిగితే బాగుండదని మాస్టారు అడగలేదు. మాస్టారికి ఈ కొండలు చూడాలని ఇంత ఆశ ఉందని తెలియనే లేదే అని బావగారు మనసులో నొచ్చుకున్నారు. తొమ్మిది గంటల తర్వాత బస్సు ఒక కొండమీది ఊళ్ళో, రేకుల కప్పు కింద, సన్నటి వానలో ఆగింది. ఇక దానికి వెళ్ళడానికి రోడ్డు కూడా లేదు.

బావగారు దిగి చుట్టూ చూశారు. మబ్బు తప్ప ఏమీ కనబడలేదు. బాగుందన్నారు. మాస్టారు కూడా బాగుందన్నారు.

"ఇదేనా మీరు చూడాలనుకున్న ఊరు?" అన్నారు బావగారు.

"నేనా? మీరు కదా ఎక్కింది."

"మీరు బోర్డు ముందు పావుగంట నిలబడితే, పాపం నోరు తెరిచి అడగలేరు కదా అని ఎక్కాను."

మాస్టారు పిల్లి సంగతి చెప్పారు. బావగారి మెడ మీద ఒక నరం ఉబ్బింది. తర్వాత సంచీ కింద పెట్టి, నలభై ఏళ్ళు పొయ్యి ముందు అరిచిన గొంతుతో, ఎలాగూ ఇంతదాకా వచ్చింది కాబట్టి చెబుతున్నాను వినండి అన్నారు. కిటికీ పక్కన కూర్చుంటే ఆయనకి కడుపులో తిప్పుతుంది. ఇరవై నాలుగు రోజులుగా కళ్ళు మూసుకుని, పళ్ళ బిగువున కూర్చుంటున్నారు.

"మరి చెప్పరేం?"

"అంత ప్రేమగా ఇస్తూంటే వద్దని ఎలా అంటాను?"

మాస్టారికి కూడా ఎక్కడలేని కోపం వచ్చింది. తనకి కిటికీ అంటే ప్రాణమన్నారు. కింది మంచం మీద పడుకుంటే పైది విరిగి మీద పడుతుందేమోనని ఒక్క రాత్రయినా కంటినిండా నిద్రపోలేదన్నారు. బస్సులు ఆపించినప్పుడు ఒక్కసారి కూడా తనకి అవసరం లేదన్నారు.

"మరి వెళ్ళారుగా?"

"అందరూ ఆగాక వెళ్ళకపోతే ఏం బాగుంటుంది?"

"ఏడుసార్లూనా?"

"తొమ్మిది."

వానలో తల మీద సంచీ పెట్టుకుని వెళుతున్న ఒకాయన ఆగి, ఈ పోట్లాట పూర్తిగా చూసి, తృప్తిగా వెళ్ళాడు. బావగారికి ముందు నవ్వు వచ్చింది. ఆ నవ్వు మాస్టారికి అంటుకుంది. ఇద్దరూ రేకుల కింద బల్ల మీద కూలబడి, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. అప్పుడు బావగారు, మరి ఆ గొంతు సవరింపు దేనికండీ అని అడిగారు. ఇంతకన్నా మంచి సమయం ఏ మనిషికీ దొరకదు. మాస్టారు నోరు తెరిచారు.

"దుమ్ము," అన్నారు.

ఆ రాత్రి దొరికిన గదిలో రెండు మంచాలూ నేల మీదే ఉన్నాయి. మాస్టారు చాలాకాలానికి హాయిగా నిద్రపోయారు. హాయిగా నిద్రపోయినందుకు తెల్లవారి సిగ్గుపడదామనుకునేలోపు, ఎవరో భుజం పట్టి కుదిపారు. బావగారు. ఆయన ఇన్నాళ్ళూ మూడింటికే లేచి, మాస్టారి నిద్ర చెడుతుందని కదలకుండా మెదలకుండా తెల్లారేదాకా మంచం మీద కూర్చునేవారట. ఇవాళ వెలుగు రాగానే లేపేశారు. మాస్టారికి అదేదో బహుమతిలా అనిపించింది.

"లేవండి బావగారూ. వాసన వస్తోంది."

వాసన పట్టుకుని మెట్ల దారి దిగారు. వాన వెలిసింది. మలుపులో ఒక పొట్టి గుమ్మం, లోపల పొగకి నల్లబడిన గోడలు, ఎదురుగా ఇటుకల పొయ్యి. నలభై ఏళ్ళావిడ ఒకర్తి పొడుగాటి చెక్క తెడ్డుతో బ్రెడ్డు బయటికి లాగుతోంది. బావగారు గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వెళ్ళారు. ఆవిడేమీ అడగలేదు. ఆయన నిలబడిన తీరు చూసే ఆవిడకి పనివాడని తెలిసిపోయినట్టుంది. కాసేపు చూసి, ఉండలేక, చల్లారబెట్టిన బ్రెడ్డు మీద బొటనవేలు వేసి నొక్కబోయారు. ఆవిడ చేతిలో ఉన్న గుడ్డతో ఆయన చెయ్యి మీద ఒక్కటి వేసింది. బావగారు చిన్నపిల్లాడిలా మురిసిపోయారు.

ఇద్దరికీ మాట కలవదు. అయినా పిండి చూపించుకున్నారు, పొయ్యి నోరు చూపించుకున్నారు. చివరికి ఆవిడ చొక్కా చెయ్యి పైకి మడిచి, మణికట్టు నుంచి మోచేతిదాకా నిచ్చెన మెట్లలా ఉన్న కాలిన మచ్చలు చూపించింది. బావగారు తన చెయ్యి పక్కన పెట్టారు. అవే మెట్లు. ఎవరివి ఎక్కువో లెక్కపెట్టి, ఆయన ఓడిపోయి, ఒప్పుకున్నారు.

గుమ్మంలో నిలబడ్డ మాస్టారి వైపు తిరిగి బావగారు అన్నారు: "చూశారా? అందుకే మీ అమ్మాయిని పొయ్యి దగ్గరికి రానివ్వనిది. నమ్మి మా ఇంటికి పంపారు. చేతులిలా చేసి పెడితే రేపు మీ మొహం ఎలా చూడను?"

ఇన్నాళ్ళూ ఏ తలుపు తట్టడానికి మాస్టారు చెయ్యెత్తలేక నిలబడ్డారో, ఆ తలుపుకి లోపల గడియ కూడా తనే అన్నమాట. ఆయన గొంతు సవరించుకున్నారు. బావగారు అలవాటుగా, వెనకాల ఉంటుందేమో కనుక్కుంటానుండండి అని ఆవిడ వైపు తిరగబోయారు.

"అది కాదు బావగారూ. దుమ్మూ కాదు. మా అమ్మాయికి మీ పొయ్యి కావాలి."

చెప్పేశాక అంత చిన్న మాటా అనిపించింది. బావగారు తెడ్డు కర్ర మీద చెయ్యి వేసి, కొట్టు చూసుకోవడానికా అని అడిగారు. కాదు, తనే కాలుస్తుందట, మీ పక్కన నిలబడి నేర్చుకుంటుందట అన్నారు మాస్టారు. అప్పుడు బావగారి మొహం మారింది. అది వియ్యంకుడి మొహం కాదు. పనిలోకి మనిషిని తీసుకునేవాడి మొహం.

"మూడింటికి లేస్తుందా?"

మాస్టారు అబద్ధం ఆడదామని నిజంగానే ప్రయత్నించారు. "లేవదు. ఎనిమిదింటికి లేపితే తొమ్మిదింటికి లేచేది."

"మూట ఎత్తగలదా?"

"తెలీదు."

"మరి ఏం చూసి ఇమ్మంటారు బావగారూ?"

మాస్టారు ఆలోచించారు. సిఫార్సు చేయడం ఆయనకి చేతకాదు. తెలిసింది చెప్పడమే చేతనవును.

"ఈ మాట మిమ్మల్ని అడగడానికి నాకు నెల పడుతుందని దానికి తెలుసు. అందుకని నెల రోజుల ప్రయాణం కట్టింది. నా వెనకపడి తొందరపెట్టలేదు. పొయ్యి దగ్గర కావలసింది అదేనేమో, నాకు తెలీదు."

"అంటే ఈ డొక్కు బస్సులన్నీ..."

"అన్నీ మీ పొయ్యి కోసమే."

బావగారు నవ్వలేదు. ఆవిడ చేతుల వైపు చూశారు. "చెయ్యి కాలితే?"

ఆ ప్రశ్న మాస్టారికి గుచ్చుకుంది. చిన్నప్పుడు కూతురి చేతులకి తట్టు పోసినప్పుడు గోకకుండా రాత్రంతా భార్య ఒకటి, తను ఒకటి పట్టుకుని కూర్చున్నారు.

"కాలనివ్వండి. నేను మిమ్మల్ని ఒక్క మాట అడగను. వాళ్ళమ్మ ఉంటే తనూ అడిగేది కాదు. మందు రాసి మళ్ళీ పంపేది."

బావగారు పొయ్యిలో రెండో వాయి ఎర్రబడేదాకా అక్కడే నిలబడి చూశారు. ఆవిడ ఒక బ్రెడ్డు కాగితంలో చుట్టి ఇచ్చింది. మెట్లెక్కుతూ సగం విరిచి మాస్టారికి ఇచ్చారు, మిగతా సగం తను తిన్నారు. ఎవరూ ఎవరినీ మీరు ముందు అనలేదు. గదికి చేరాక, ఫోన్ చేసి ఇలా ఇవ్వండి అన్నారు.

అవతల ఏడోసారి మోగాక ఎత్తింది. లేచావా అమ్మా అని మామగారు అడిగితే, ఎప్పుడో లేచాను మామయ్యగారూ అంది, దిండులోంచి వస్తున్న గొంతుతో. ముందు కూర్చో అన్నారు ఆయన. తర్వాత వంట చెప్పినంత మామూలుగా చెప్పారు. మేస్త్రీతోనూ, దుకాణం అడిగినవాళ్ళతోనూ తను మాట్లాడుకుంటానన్నారు. మాట అనుకున్నదే తప్ప కాగితం రాసుకున్నది లేదు. కొట్టు తాళం అత్తయ్య దగ్గర తీసుకోమన్నారు.

"నెల రోజులుగా చల్లబడి ఉంది. ఒక్కసారిగా వేడి చేస్తే ఇటుక పగులుతుంది. ఇవాళ గుప్పెడు పుల్లలు. అంతే. రేపు రెండు గుప్పెళ్ళు. మంట పెద్దది చేశావంటే నాకు ఇక్కడికి తెలుస్తుంది."

ఫోన్ కట్టయిందేమోనని మాస్టారు వంగి చూశారు. కట్టవలేదు. నాన్న అడిగేశాడా అని ఒక చిన్న గొంతు వచ్చింది. అడిగారు, కొండెక్కి అడిగారు అన్నారు బావగారు.

దిగిరావడానికి మూడు రోజులు పట్టింది, ఎందుకంటే అమ్మాయి రాసిచ్చిన కాగితంలో లేని బస్సులు అంతకన్నా మెల్లగా వెళ్ళాయి. ఇప్పుడు బస్సు ఆపించేది బావగారే, తన కోసమే. ఆగిన ప్రతిచోటా సిగ్నలు వెతుక్కుని ఫోన్ చేసేవారు. పొగ ఎటు పోతోంది, బూడిద ఏ రంగులో ఉంది, తలుపు ఎంత తెరిచావు అని వరసగా అడిగేవారు. ఒక్క జవాబు తేడాగా వచ్చినా నుదురు కొట్టుకునేవారు. మాస్టారు పక్కన నిలబడి, ఒక మనిషిని ఇంత బతికించే పనిలో తనకీ ఒక మాట పడిందని లోలోపల సంతోషపడేవారు.

విమానం ఎక్కే రోజు పొద్దున్న, చివరి బస్సు ఒక అరటితోట పక్కన ఆగింది. అమ్మాయి ఈసారి మొదటి మోతకే ఎత్తింది. నాలుగింటి నుంచి కొట్టులోనే ఉన్నానంది. బయటి గోడ మీద అరచెయ్యి పెట్టి చూడమన్నారు బావగారు.

"పెట్టాను మామయ్యా. వెచ్చగా ఉంది."

"ఎంత వెచ్చగా?"

ఆ పిల్ల ఆలోచించింది. పన్నెండు వందల మైళ్ళ అవతల, చెయ్యి గోడ మీదే ఉంచి ఆలోచిస్తోందని ఇక్కడ ఇద్దరికీ తెలుస్తోంది. డ్రైవరు హారన్ కొట్టాడు.

"అప్పుడే నిద్రలేచిన పిల్లి పొట్టలా," అంది.

బావగారు మాస్టారి మొహంలోకి చూసి, పెదవి విరిచారు.

"ఇంకో పూట ఆగు," అన్నారాయన ఫోన్లో. "సాయంత్రానికి కుక్క పొట్ట అవుతుంది. అప్పుడు పిండి కలుపు. నేను వచ్చేసరికి మొదటి వాయి మాడి ఉండాలి. మొదటిది మాడకపోతే ఎవ్వరికీ పని రాదు."